బుధవారం రొట్టె

మా నాన్నకీ పెదనాన్నకీ పడదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. రొట్టెల దుకాణం ఇద్దరిదీ. ఒకే పిండి తొట్టిలో ఇద్దరి చేతులూ మోచేతుల దాకా మునిగి ఉంటాయి. గల్లాపెట్టె దగ్గర కూర్చునేది నేను కాబట్టి ఆ విషయంలోనూ పేచీ లేదు. వాళ్లు కొట్టుకునేది ఒక్క దేవుడి దగ్గరే. అదీ ఉన్నాడా లేడా అని కాదు. పెద్ద పండుగ భోజనం ఏ సాయంత్రం చెయ్యాలి అని.

దీనికంతటికీ మూలం మా నాయనమ్మ. కొడుకులిద్దరూ పెళ్లిళ్లయి వేరు కాపురాలు పెట్టినప్పుడు ఇంట్లో ఉన్నవన్నీ సమంగా పంచింది. పళ్లేలు చెరిసగం, దుప్పట్లు చెరిసగం. తాతయ్య చదువుకున్న పవిత్ర గ్రంథం రెండు సంపుటాలుగా ఉండేది. అదీ చెరిసగమే. మొదటిది పెద్దవాడికి, రెండోది చిన్నవాడికి. దేవుడి మాటని ఇలా పంపకాల్లో పెట్టిన మనిషి ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు.

పెదనాన్న వాటాకి వచ్చిన సంపుటంలో, పండుగ నెల పద్నాలుగో రోజు సాయంత్రం భోజనానికి కూర్చోవాలని ఉంది. నాన్న వాటాకి వచ్చినదాంట్లో పండుగ పదిహేనో రోజనీ, భోజనం ఆ రోజే చెయ్యాలనీ ఉంది. ఎవరి పుస్తకం వాళ్లు చదువుకున్నారు. ఎవరి రోజు వాళ్లు పట్టుకున్నారు. ఇక ఉడుంపట్టే.

అందుకని మా ఇంటి పేరు మీద ఏటా రెండు పండుగలు జరిగేవి. పద్నాలుగో రోజు సాయంత్రం పక్క వీధిలో పెదనాన్న ఇంట్లో, మర్నాటి సాయంత్రం మా ఇంట్లో. ఒకడు పండుగలో ఉంటే రెండోవాడు బట్టీ దగ్గర ఉండేవాడు కాబట్టి దుకాణం మూతపడేది కాదు. ఊళ్లోవాళ్లకి అదో సుఖం. కష్టమల్లా నాయనమ్మకే. పొద్దుటి నుంచి ఏమీ ముట్టకుండా ఉండి సాయంత్రం పండుగ భోజనంతో ఉపవాసం విడవాలన్నది నియమం. ఇద్దరు కొడుకుల కోసం ఆవిడ రెండు రోజులూ ఉపవాసం ఉండేది. మొదటి సాయంత్రం పెద్ద కొడుకు పక్కన, రెండో సాయంత్రం చిన్న కొడుకు పక్కన కూర్చుని తినేది. ఎవరైనా అయ్యో పాపం అంటే, "నాకేం, రెండు పండుగలు" అనేది.

ఆ ఏడు పండుగ మండుటెండల్లో వచ్చింది. ఇంకా నెల ఉందనగా ఒక పొద్దున పిండి బస్తాల పక్కన కూర్చుని బన్నులు సంచుల్లో వేస్తున్న నాయనమ్మ పక్కకి ఒరిగిపోయింది. చప్పుడు కూడా కాలేదు. నేను తల తిప్పేసరికి చేతిలో బన్ను అలాగే ఉంది, కళ్లు మూసుకుపోయాయి. ఆవిడ ముఖానికి ఎప్పుడూ పిండి అంటుకునే ఉంటుంది. అందుకని పాలిపోయిందో లేదో కూడా నాకు తెలియలేదు. నేను పెట్టిన కేకకి అన్నదమ్ములిద్దరూ పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చారు.

డాక్టరు వచ్చి చూశాడు. చిన్నప్పుడు మా దుకాణంలో అరువు బన్నులు తిన్నవాడే, నాయనమ్మంటే కాస్త భయం కూడా ఉంది.

"గుండె అలిసిపోయిందమ్మా. వేళకి తినాలి."

"తింటాను. పండుగప్పుడు మాత్రం ఉపవాసం ఉంటాను."

"వద్దు."

"రెండు రోజులే."

"అసలు వద్దంటుంటే రెండు రోజులంటారేంటి?"

కూరల బండి దగ్గర బేరమాడినట్టు ఆడింది. చివరికి డాక్టరు చేతులెత్తేశాడు. "ఒక్క రోజు. మంచినీళ్లు తాగుతూ. అదీ మీ నోటికి జడిసి ఒప్పుకుంటున్నాను." బయటికి వచ్చాక నాతో మాత్రం గొంతు తగ్గించి, జాగ్రత్తగా చూసుకో, ఇంకో వేసవి కష్టం అన్నాడు. ఆ మాట నేను నాన్నకీ పెదనాన్నకీ చెప్పాను. చెప్పకుండా ఎలా ఉంటాను. ఇద్దరూ తొట్టి దగ్గరికి వెళ్లి చాలాసేపు అవసరం లేని పిండి కలిపారు.

ఆ సాయంత్రం నాయనమ్మ కొడుకులిద్దరినీ దుకాణం వెనక తన గదిలోకి పిలిచింది.

"వాడు ఒక్క రోజే ఇచ్చాడు. ఒక్క రోజులో రెండు పండుగలు చెయ్యలేను. ఎవరింట్లో కూర్చోమంటారో మీరే తేల్చి చెప్పండి."

"నీ ఇష్టమమ్మా, నువ్వెక్కడంటే అక్కడే" అన్నాడు నాన్న.

"నా ఇష్టం నేను చెప్పను. ఒకణ్ణి ఎక్కువా ఒకణ్ణి తక్కువా కనలేదు. పెద్ద చదువరులు కదా ఇద్దరూ, పుస్తకాలు ముందేసుకుని తేల్చండి."

పెదనాన్న పెద్దమనసు చేసుకున్నాడు. "పోనీ ఈసారి మా ఇంట్లో, వచ్చే ఏడు తమ్ముడింట్లో."

"వచ్చే ఏటి మాట నన్నడగకు పెద్దాడా" అంది నాయనమ్మ. ఈ పండుగకి ఆవిడ ఎవరి పక్కన కూర్చుంటే వాడికే ఆఖరి పండుగ దక్కుతుందని ఇద్దరికీ తెలుసు.

మర్నాటి నుంచి మొదలైంది రభస. పిండి పిసుకుతూ వాదన, ముద్దలు చేస్తూ వాదన. కోపం వచ్చినప్పుడు ఇద్దరూ పిండిని బల్లకేసి బాదేవారు. ఆ నెలలో మా రొట్టె ఎన్నడూ లేనంత మెత్తగా వచ్చిందని కొనేవాళ్లు మెచ్చుకున్నారు.

"చిన్నప్పుడు మనింట్లో పద్నాలుగో రోజు సాయంత్రమే తిన్నాం. గుర్తులేదా?" అనేవాడు పెదనాన్న.

"అమ్మకి పని తెమిలినప్పుడు పెట్టింది, మనం తిన్నాం. అదేమన్నా శాస్త్రమా? పదిహేనో రోజని అక్షరాలా రాసుంది నా దాంట్లో."

"నా దాంట్లో ఉన్నవి అక్షరాలు కావా, చీమలా?"

వినలేక నేను నాయనమ్మ దగ్గరికే వెళ్లాను. "తాతయ్య ఉన్నప్పుడు పండుగ ఏ రోజు చేసేవారు?"

"సాయంత్రం బట్టీ దించాక చేసేవాళ్లం."

"అది సరే, ఏ రోజు?"

"చెప్పాను కదే, బట్టీ దించాక" అని విసుక్కుంది. లాభం లేదని వచ్చేశాను.

నా పని నాకుంది మరి. గల్లాపెట్టె కాక, దుకాణంలో రొట్టె ట్రేల పక్కన వేలాడే పలక కూడా నాదే. సాయంత్రం బట్టీ వెలిగించగానే ఆ పలక తుడిచి మర్నాటి వారం రాయాలి. అది తాతయ్య పెట్టిన పద్ధతి. సాయంత్రం కాలిన రొట్టెని జనం తెల్లారి కొంటారు కాబట్టి మంగళవారం సాయంత్రం బట్టీలోంచి దింపిన రొట్టె మా లెక్కలో బుధవారం రొట్టె. ఊరంతా ఇంకా మంగళవారంలో ఉండగానే మేం బుధవారంలోకి వెళ్లిపోతాం. బడికి వెళ్లిన కొత్తలో దీనివల్ల వారాలు తప్పు చెప్పి నేను గోడకుర్చీ కూడా వేశాను.

వాదన తెగక అన్నదమ్ములు గురువుగారి దగ్గరికి బయల్దేరారు. ప్రార్థనా మందిరం పక్కనే ఆయన ఇల్లు. తీర్పు ఏదైనా దారిలో వీళ్లు కొట్టుకోకుండా నన్ను కూడా పంపింది అమ్మ. బన్నుల సంచి పట్టుకుని వెనకాల నడిచాను.

గురువుగారు ఇద్దరి గోడూ విన్నారు. వింటూ రెండు బన్నులు తిన్నారు.

"పెద్దాయనా, నీ సంపుటం బాగా చదివావా?"

"కంఠతా వచ్చండి."

"నువ్వో?"

"నాకూ అంతేనండి" అన్నాడు నాన్న.

"మరి అవతలివాడిది?"

ఇద్దరూ నేల చూపులు చూశారు. ఇన్నేళ్లుగా ఒక్కసారి కూడా ఒకరి పుస్తకం ఒకరు తెరవలేదని అప్పుడు తెలిసింది నాకు. నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

"రెండూ దైవవాక్కే. ఒకటి తప్పు కావడానికి వీల్లేదు. ముందు మార్చుకుని చదవండి" అన్నారు గురువుగారు.

"మరి మీరు పండుగ భోజనం ఎప్పుడు చేస్తారండీ?" అని నేను అడిగాను. నా నోరు ఊరుకోదు. అందుకే పెదనాన్న నన్ను లాయరమ్మా అని పిలుస్తాడు.

"నేనా? పిలిచిన చోటికల్లా వెళ్తానమ్మా" అన్నారు ఆయన ఏమాత్రం సిగ్గుపడకుండా.

పుస్తకాలు మార్చుకునే రోజు చూడాలి. పెదనాన్న తన సంపుటాన్ని నాన్న చేతిలో పెడుతూ కూతుర్ని అత్తారింటికి పంపుతున్నవాడిలా ముఖం పెట్టాడు. "నూనె చేత్తో ముట్టుకోకు" అన్నాడు. నాన్న తనది ఇస్తూ, "పేజీ మడత పెట్టకు" అన్నాడు.

ఆ తర్వాత దుకాణంలో చప్పుడు పోయింది. వాదన లేదు, బాదుడు లేదు. పిండి మెల్లగా పిసుకుతున్నారు, ఎవరి ఆలోచనలో వాళ్లున్నారు. ఆ నిశ్శబ్దానికి నాకు గొడవ కంటే ఎక్కువ భయం వేసింది. ఒక సాయంత్రం నాన్న కళ్లద్దాలు తీసి పుస్తకం మూశాడు. "ఇంత స్పష్టంగా ఉందేంటి" అన్నాడు తనలో తనే.

"ఏది నాన్నా?"

"ఏం లేదు. బట్టీ వెలిగిస్తున్నా, పలక తుడువు."

సోమవారం నాడు విషయం బయటపడింది. మర్నాడు మంగళవారం, పండుగ నెలలో పద్నాలుగో రోజు. నాన్న అమ్మని, నన్ను కూర్చోబెట్టి చెప్పాడు.

"రేపు సాయంత్రం అన్నయ్య ఇంటికే వెళ్దాం. ఆయన పుస్తకంలో ఉన్నది కాదనడానికి నాకు నోరు రాలేదు. మా అమ్మ ఆయన పక్కనే కూర్చోనీ. అమ్మకి చెప్పేశాను."

"మరి బావగారికి చెప్పద్దా?" అంది అమ్మ.

"ముందే చెబితే గెలిచానని ఊరంతా చాటింపు వేస్తాడు. వెళ్లి నిలబడదాం. వదిన ఎప్పుడూ పది మందికి సరిపడా వండుతుంది, మనకి తక్కువ కాదు."

నాన్న ఎంత తేలిగ్గా చెప్పాడో, చెప్పడానికి ఎంత కష్టపడ్డాడో నాకు కనిపిస్తూనే ఉంది. ఆ పూట అన్నం సగంలో వదిలేసి లేచాడు. నాకు మా నాన్న మీద అంత ముద్దు ఎప్పుడూ రాలేదు.

మంగళవారం మేమందరం ఉపవాసం ఉన్నాం. నాన్న ప్రతి ఏటి లాగే ఒక్కడే బట్టీ వెలిగించాడు. నేను పలక తుడిచి బుధవారం అని రాశాను. పొద్దు వాలకముందే రొట్టె దింపి, స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, పళ్ల సంచితో బయల్దేరాం. నాయనమ్మ నా భుజం పట్టుకుని నడుస్తోంది. అడుగు తీసి అడుగు వెయ్యడం కష్టంగానే ఉంది కానీ ముఖంలో ఏదో దాచుకున్న నవ్వు ఉంది. ఎందుకని అడిగితే చెప్పలేదు.

పెదనాన్న ఇంటి తలుపు తీసే ఉంది. పెద్దమ్మ కూర్చుని బట్టలు మడత పెడుతోంది. పొయ్యి మీద గిన్నె లేదు, ఇంట్లో వంట వాసన లేదు. పెదనాన్న కిటికీ దగ్గర నాన్న పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"పండుగకి వచ్చాం అన్నయ్యా" అన్నాడు నాన్న.

పెదనాన్న అయోమయంగా చూశాడు. "పండుగ రేపు కదరా."

పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట ఆ మాట నేను వినలేదు.

"రేపేంటి? పద్నాలుగో రోజు సాయంత్రమని నీ దాంట్లో అంత స్పష్టంగా ఉంటే."

"పదిహేనో రోజని నీ దాంట్లో ఉన్నది స్పష్టంగా లేదా? అంతా చదివాను. కాదనడానికి లేదు. రేపు మేమే మీ ఇంటికి వద్దామనుకున్నాం. అమ్మ నీ పక్కన కూర్చోవాలి."

"అలా ఎలా కుదురుతుంది? ఈ రోజే సరైన రోజు."

"కాదురా, రేపే."

మళ్లీ మొదలైంది. ఈసారి అన్న వాదన తమ్ముడు చేస్తున్నాడు, తమ్ముడి వాదన అన్న చేస్తున్నాడు. అంతే పట్టుదల, అవే గొంతులు. అమ్మ, పెద్దమ్మ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

"మీ దుంపతెగ, ఆపండి ఇద్దరూ. నాయనమ్మ పొద్దుటి నుంచి ఏమీ తినలేదు" అన్నాను.

అప్పుడు గుర్తొచ్చింది వాళ్లకి. నాయనమ్మ గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. చెయ్యి సన్నగా వణుకుతోంది. పెద్దమ్మ గ్లాసుతో నీళ్లు తెచ్చి పట్టింది.

"నేను రేపని చెప్పాను కదమ్మా నీకు. ఇవాళ ఉపవాసం ఎందుకున్నావు?" అన్నాడు పెదనాన్న.

"చిన్నాడు ఇవాళని చెప్పాడు. నువ్వు రేపని చెప్పావు. అవతలివాడికి చెప్పద్దని ఇద్దరూ ఒట్టేయించుకున్నారు. నేను ఒట్టు తప్పే మనిషినా? రేపటి సంగతి ఎవరు చూశారు, ముందొచ్చిన రోజు ఉన్నాను." అని పెదనాన్న వైపు చూసింది. "నువ్వు తిన్నావా?"

"తిందామని కూర్చున్నానమ్మా. ఇన్నేళ్లుగా ఈ రోజు తిన్న అలవాటు లేదు. గొంతు దిగలేదు."

పెద్దమ్మ బియ్యం కడగడానికి లేచింది. అన్నం ఉడికేదాకా ఆగే ఓపిక నాయనమ్మకి లేదని అమ్మ సైగ చేసింది. పెదనాన్న నాన్న వైపు తిరిగాడు.

"బట్టీ దించావా?"

"దించే వచ్చాను."

ఇద్దరూ ఆ కుర్చీకి చెరో పక్కా చెయ్యి వేసి, నాయనమ్మతో సహా ఎత్తారు. అలాగే వీధిలోకి నడిచారు. ఇరుగుపొరుగు వాకిళ్లలోకి వచ్చి చూస్తున్నారు. నాయనమ్మ ఒక చెయ్యి పెద్ద కొడుకు భుజం మీద, ఒక చెయ్యి చిన్న కొడుకు భుజం మీద వేసి, "మెల్లగారా, పెద్దాడా, నీ వైపు ఒరుగుతోంది" అని ఆజ్ఞలు వేస్తూ ఊరేగింది.

దుకాణంలో బట్టీ వేడి ఇంకా తగ్గలేదు. కుర్చీని పిండి బల్ల ముందు దించారు. నాన్న ట్రేలోంచి ఒక రొట్టె తీసి బల్ల మీద పెట్టాడు. అమ్మ పళ్లు కోసింది. బయట పొద్దు కుంకింది.

పెదనాన్న చెయ్యి చాపబోయి ఆగాడు. ట్రే పక్కన పలక చూశాడు.

"ఇది బుధవారం రొట్టె కదరా."

"సాయంత్రం దించింది కదా అన్నయ్యా. ఇవాళ్టి సాయంత్రం రేపటి లెక్కే" అని నాన్న మామూలుగా అన్నాడు. అని, తను అన్నది తనే విన్నట్టు పలక వైపు చూశాడు.

పెదనాన్న పలక దగ్గరికి వెళ్లాడు.

"పద్నాలుగో రోజు సాయంత్రం" అన్నాడు పెదనాన్న నెమ్మదిగా.

"పదిహేనో రోజు లెక్క" అన్నాడు నాన్న.

"రెండు పుస్తకాలూ..."

"ఒక్క సాయంత్రమే అన్నయ్యా. ఈ సాయంత్రమే."

"నీకు చెప్పాను కదే, బట్టీ దించాక అని" అంది నాయనమ్మ నాతో. తర్వాత కొడుకులతో, "తీరిగ్గా ఆశ్చర్యపడుదురు గాని, ముందు రొట్టె తుంచండిరా" అంది.

రొట్టెని ఇద్దరూ చెరో వైపు పట్టుకుని తుంచారు. మొదటి ముక్క పెదనాన్న పెట్టాడో నాన్న పెట్టాడో నాకు గుర్తులేదు. గుర్తున్నదల్లా నాయనమ్మ ఆబగా తినడం, ఆ వణుకు మెల్లగా తగ్గడం. ఆ పిండి బల్ల చుట్టూ నిలబడి తిన్న రొట్టె, పళ్లు తప్ప ఆ రాత్రికి మాకు ఇంకేమీ లేదు. అంత మంచి భోజనం నేను మళ్లీ చెయ్యలేదు.

కడుపులో పడ్డాక అన్నదమ్ములకి నోళ్లు లేచాయి. ఏ వాక్యం ఎక్కడుంది, తాతయ్య ఈ పద్ధతి బట్టీకే పెట్టాడా, గ్రంథం చదివి పెట్టాడా, ఇన్నేళ్లు ఈ పలక కింద నిలబడి ఎలా చూడలేదు అని ఒకటే మాటలు. ఇద్దరి మధ్యా కూర్చున్న నాయనమ్మ తల మీదుగా మాట్లాడుకుంటున్నారు.

"ఇక నీకు రెండు రోజుల బాధ తప్పిందమ్మా" అన్నాడు నాన్న సంతోషంగా.

"బాధని నేనెప్పుడన్నా అన్నానా?" అంది నాయనమ్మ. "విడివిడిగా అయితే ఒక్కొక్క సాయంత్రం ఒక్కొక్కడు నాతోనే మాట్లాడేవాడు. ఏడాది పొడుగునా మీ ఇద్దరికీ పిండి, బట్టీ, ఒకడికొకడు. ఆ రెండు సాయంత్రాలే నావి. ఇప్పుడు చూడండి, మీలో మీరే మాట్లాడుకుంటున్నారు."

ఆవిడ నవ్వుతూనే అంది. కానీ పెదనాన్న కింద కూర్చున్నాడు, నాన్న కూడా కూర్చున్నాడు. "చెప్పమ్మా" అన్నాడు పెదనాన్న. ఆవిడ బల్ల మీద పిండిని వేలితో గీస్తూ, మొదటిసారి తాతయ్య తనకి బట్టీ వెలిగించడం నేర్పిన రోజు సంగతి ఎత్తుకుంది. చాలాసేపు చెప్పింది.

తనకో ఇంటి భోజనం పోయిందని గురువుగారు వాపోయారు. పుస్తకాలు రెండూ దుకాణంలో ఒకే అలమరాలో చేరాయి.

చలి రోజుల్లో ఒక తెల్లవారుజామున నాయనమ్మ నిద్రలోనే పోయింది. డాక్టరు చెప్పినట్టు ఇంకో వేసవి చూడలేదు.

మరుసటి ఏడు పండుగకి మేమంతా పద్నాలుగో రోజు సాయంత్రం, అంటే పదిహేనో రోజు లెక్కన, మా ఇంట్లో ఒక్క చోట కూర్చున్నాం. పెద్దమ్మ, అమ్మ కలిసి వండారు. బాగానే జరిగింది. మధ్యమధ్య ఎవరో ఒకరు పలక సంగతి ఎత్తితే నవ్వుకున్నాం కూడా.

మర్నాటి సాయంత్రం దుకాణంలో పలక మీద వారం మార్చి వెనక్కి తిరిగితే పెదనాన్న కనిపించలేదు. నాయనమ్మ గదిలో ఆవిడ మంచం పక్కన కింద కూర్చుని ఉన్నాడు. కాసేపటికి నాన్న బట్టీ దించి, చేతులు కడుక్కుని వెళ్లి అటు పక్కన కూర్చున్నాడు. టీ తెమ్మంటారా అని అడిగాను. ఇద్దరూ వద్దన్నారు. అప్పుడు చూశాను, ఇద్దరి పెదవులూ ఎండిపోయి ఉన్నాయి. నాయనమ్మలాగే రెండో రోజు కూడా పొద్దుటి నుంచి ఇద్దరూ ఏమీ తినలేదు. ఒకడి సంగతి ఒకడికి తెలియదు కూడా.

నేను ట్రేలోంచి ఒక రొట్టె తెచ్చి ఇద్దరి మధ్య మంచం మీద పెట్టాను. తుంచుకుని తిన్నారు. తిన్నంతసేపూ ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడుకోలేదు.